బరువు లాగు బండి



ఎద్దుబండి తోలినవారు మీలో పెక్కుమంది యుందురు. బండికి బస్తాలు వేయునప్పుడు అనుభవము గలవాడు మొదట చూచునది ఎద్దుల బలమును గాదు. ఇరుసునకు ముందెంత బరువున్నది, వెనుక నెంత బరువున్నది అని చూచును. ముందు బరువు మిక్కిలి యైనచో కాడి ఎద్దుల మెడలపై గూర్చుండును. వెనుక బరువు మిక్కిలి యైనచో కాడి పైకి లేచి, పలుపులు ఎద్దుల గొంతులను నొక్కును. బండి సుఖముగా నడచుటకు బరువు కొంచెము ముందునకు మొగ్గి యుండవలెను. ఆ కొంచెమెంతయో నొగ పట్టి యెత్తి చూచి చెప్పగల వృద్ధులను నా బాల్యమున నేనెరుగుదును. మా తండ్రిగారు అట్టివారు. నొగ యెత్తి చూచి, చేయి తట్టుకొని, “ఒక బస్తా దించు” అనెడివారు. ఆ మాటకు తిరుగులేదు.

ఈ ఎద్దుబండి ధర్మమే అమెరికా దేశమున వందల గుర్రముల బలముగల మోటారు బండికిని వర్తించునని డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట నేను తెలిసికొంటిని. తెలిసికొనుటకు ముందు నా మనుమరాలి ప్రాణము మీదికి వచ్చినది. ఆ సంగతిని, దానివలన నేర్చిన విషయములను నేడు మీకు మనవి చేసెదను.

మా పెద్ద కుమారుడు కొలరాడో రాష్ట్రమున డెన్వరు నగరమందు కాపురమున్నాడు. 2023వ సంవత్సరపు వేసవిలో నేనచ్చటికి పోయి కొన్ని మాసములుంటిని. ఆ దేశమున సెలవు దినములలో ఇంటినే వెంట లాగికొని అడవులకును కొండలకును పోవు నలవాటు కలదు. ఆ ఇంటిబండిని ట్రావెల్ ట్రైలరు అందురు. అందులో మంచములు, వంటపొయ్యి, ఫ్రిజ్జు, స్నానపు గది, నీళ్లతొట్టి అన్నియు నుండును. దానికి స్వంత యంత్రము లేదు. పికప్ ట్రక్కు అను బలమైన బండి వెనుక నొక ఇనుప గుండు బిగించియుండును. ట్రైలరు ముక్కును ఆ గుండుపై బోర్లించి గొళ్లెము వేయుదురు. మన ట్రాక్టరు వెనుక ట్రాలీ తగిలించుటయే మరియొక రూపమున నున్నదని తలచుకొనుడు.

మావాడు అట్టి ట్రైలరు నొకదానిని కొన్నాడు. వాని ట్రక్కు 4,000 కిలోల వరకు లాగగలదని దానితో వచ్చిన పుస్తకమున నున్నది. సామానులతో ట్రైలరు బరువు 3,200 కిలోలు. కావున భయము లేదని వాడు నమ్మెను. అయినను ట్రైలరు తగిలించిన దినముననే ట్రక్కు వెనుక భాగము క్రుంగి, ముందు భాగము పైకి లేచెను. దీపములు రోడ్డును విడిచి చెట్లకొమ్మలను వెలిగించెను. ఒక దుకాణమువాడు ఇందులకు మందు చెప్పినాడు: వెనుక కమానుల నడుమ రబ్బరు గాలితిత్తులు బిగించి గాలి కొట్టించుకొనుమని. అట్లే చేయించినారు. ట్రక్కు తిన్నగా నిలిచెను. అంతటితో నూరుకొనక, ముక్కు మీద బరువు తగ్గవలెనని, ట్రైలరు ముందు గదిలోని బరువైన సామానులనన్నిటిని వెనుక గదిలోనికి చేరవేసిరి.

“నాన్నా, ఇప్పుడు చూడు, బండి ఎంత తిన్నగా నిలిచిందో!” అని మావాడు సంతోషించెను.

నేను చూచితిని. సామాను వెనుకకు చేరుచుండగా నా మనస్సున మా తండ్రిగారి చేయి మెదలెను. వెనుక బరువు బండి మంచిది కాదని నాకు తెలియును. కాని నేను నోరెత్తలేదు. ఇది ఎద్దుల బండి కాదు, ఈ దేశపు యంత్రముల సంగతి నాకేమి తెలియును, చదువుకొన్న పిల్లలకు చెప్పుట యెందుకు అని ఊరకుంటిని. ఆ మౌనము తప్పని నేడు మీ యెదుట నొప్పుకొనుచున్నాను.

మరునాడుదయమున కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు దక్షిణముగా బయలుదేరితిమి. మావాడును కోడలును ముందు కూర్చుండిరి. వెనుక నేనును నా మనుమరాలును. మాన్యుమెంటు హిల్ అను మెట్ట దిగుచుండగా వేగము గంటకు నూరు కిలోమీటర్లు దాటినది. అప్పుడొక పెద్ద లారీ మమ్ము దాటిపోయెను. దాని గాలి తాకిడికి ట్రైలరు తోక ఒక ప్రక్కకు జరిగి, మరల రెండవ ప్రక్కకు వచ్చెను. రెండవ ఊపు మొదటిదానికంటె పెద్దది. మూడవది రెండవదానికంటె పెద్దది. అంతట ట్రక్కు వెనుక భాగము కూడ దానితో పాటు ఊగసాగెను. గుర్రము కళ్లెమును తెంచుకొన్నట్లు, వెనుకది ముందుదానిని తోలుచున్నది. పిల్ల “తాతయ్యా!” అని నా చేయి పట్టుకొనెను. మావాడు వేగపు పెడలుపైనుండి కాలు తీసివేసి, స్టీరింగును తిన్నగా బిగబట్టి యుండెను. దైవవశమున వాలు అంతటితో తగ్గినది, వేగము తగ్గినది, ఊపులు చిన్నవై ఆగినవి. రోడ్డు ప్రక్కన బండి నిలిపి చాలసేపు ఎవరును మాటాడలేదు. తుదకు నేనే, “నిన్న నేను చెప్పవలసిన మాట చెప్పలేదురా” అంటిని.

అచ్చటినుండి మెల్లగా నడపుకొని, పెద్ద లారీలాగు చోట నుండు కాటాకు పోతిమి. చెరకు బండ్లను తూచు కాటా వంటిదే. కాని ఆ కాటా ప్రతి ఇరుసు బరువును వేరువేరుగా చెప్పును. మొదట ట్రైలరుతో తూచి, పిదప ట్రైలరు విప్పి ట్రక్కును మాత్రమే తూచితిమి. రెంటికిని గల భేదమే ట్రైలరు ముక్కు ట్రక్కుపై మోపిన బరువు. అది 220 కిలోలు. అనగా 3,200 కిలోలలో నూటికి ఏడుపాళ్లు. ఇట్టి ట్రైలరునకు ముక్కు బరువు మొత్తములో నూటికి పది మొదలు పదునైదు పాళ్ల వరకు ఉండవలెనని అచ్చటి నియమము.

ఇందులకు కారణము మనకు తెలిసినదే. ములికి బరువుగల బాణము తిన్నగా పోవును. తోక బరువైన బాణము తిరుగబడును. బరువు చక్రములకు ముందున్నచో బండి ప్రక్కకు తొలగినను తానే దారికి వచ్చును. బరువు వెనుకకు పోయినకొలది తోక ఊపు అణగుటకు మారుగా పెరుగును. వేగము హెచ్చినకొలది ఆ గుణము మరింత హెచ్చును.

అట్లైనచో సామానులు మరల ముందునకు జరిపిన సరిపోవును గదా యని మీరనవచ్చును. మేమును అట్లే తలచితిమి. కాటావద్ద లారీలు బాగుచేయు వృద్ధుడొకడుండెను. అతడు మా ట్రక్కు తలుపు తెరచి, ద్వారపు అంచున అంటించిన కాగితమును చూపించెను. ఆ బండి యెక్కు మనుష్యులును సామానులును కలిసి 680 కిలోలు మించరాదని దానిపై అచ్చువేసి యున్నది. ట్రైలరు ముక్కు బరువు కూడ ఆ లెక్కలోనిదే. పిదప అతడు చీటీమీద లెక్క వేసినాడు. నూటికి పదుమూడుపాళ్ల వంతున ముక్కు బరువు 416 కిలోలు. తగిలించు ఇనుప సామగ్రి 45. మేము నలుగురము 240. ట్రక్కు తొట్టిలోని సామానులు 90. మొత్తము 791. అనుమతించిన దానికంటె 111 కిలోలు హెచ్చు.

సామాను వెనుకకు జరిపితిమా, ట్రైలరు ఊగును. ముందునకు జరిపితిమా, ట్రక్కు మోయలేదు. 4,000 కిలోలు లాగగల బండి 3,200 కిలోల ట్రైలరుతోనే చిక్కున బడినది. లాగుట యొకటి, మోయుట యొకటి. మూడవది ఆపుట. పుస్తకము పైకి పెద్ద అక్షరములతో చెప్పునది మొదటిదానిని మాత్రమే.

మరి గాలితిత్తుల సంగతి యేమని మావాడడిగెను. ఆ వృద్ధుడు చెప్పిన సమాధానము నాకిప్పటికిని జ్ఞప్తియందున్నది. తిత్తులు క్రుంగిన నడుమును నిలబెట్టునే గాని, ఇరుసునకు బలము నియ్యవు, చట్రమునకు బలము నియ్యవు, బ్రేకులకు బలము నియ్యవు. ముందు చక్రములపైనుండి తొలగిన బరువును మరల వానిపైకి తేలేవు. అవి బరువును తగ్గింపవు, కనబడకుండ చేయును. తలుపుమీది అంకె ఏ పరికరము బిగించినను మారదు. మారవలెనన్న పెద్ద ట్రక్కు కొనవలెను. లేదా బరువు దింపవలెను.

మేము బరువు దించితిమి. నీళ్లతొట్టిని నిండుగా నింపి లాగుకొనిపోవుట మానితిమి. దానివలననే 150 కిలోలు తగ్గినది. పోయిన చోట నీరు దొరకును గదా! ఇనుప పొయ్యి, అక్కరలేని కుర్చీలు, డబ్బాలు, పనిముట్లు అన్నియు కలిపి 200 కిలోలు ఇంటనే విడిచితిమి. ట్రక్కు తొట్టిలోని 90 కిలోలలో 40 విడిచి, 50 కిలోలను ట్రైలరులో ఇరుసుమీదుగా పేర్చితిమి. ఇప్పుడు ట్రైలరు 2,900 కిలోలు. సామానులు సరిగా సర్దిన పిదప ముక్కు బరువు నూటికి పండ్రెండుపాళ్లు, అనగా 348. ఇనుప సామగ్రి 45, మనుష్యులు 240. మొత్తము 633. హద్దునకు 47 కిలోలు లోపల నిలిచితిమి.

అటుపిమ్మట గాని కొత్త పరికరముల మాట రాలేదు. ఈ క్రమము ముఖ్యమైనది. మొదట లెక్క, తరువాత బరువు దించుట, తుదకు పరికరములు.

మొదటిది, బరువును పంచు కొక్కెము. దీనియందు రెండు బలమైన ఉక్కు బద్దలు ట్రక్కు వెనుకనుండి ట్రైలరు నొగల క్రిందికి సాగి, గొలుసులతో బిగింపబడి యుండును. ఆ బద్దలు మీటకర్రలవలె పనిచేసి, ముక్కు బరువులో కొంత ట్రక్కు ముందు చక్రములకును, కొంత ట్రైలరు చక్రములకును పంచును. ముందు చక్రములు నేలను గట్టిగా పట్టినగాని బండి చెప్పిన వైపు తిరుగదు. ప్రక్కల కూగుటను అణచు సాధనము కూడ దానితోనే యున్నది.

రెండవది, ట్రైలరు బ్రేకులు. ఆ ట్రైలరు చక్రములలో విద్యుత్తుచే పనిచేయు బ్రేకులు కలవు. నడుపువాని చేతిదగ్గర నొక చిన్న పెట్టె యుండును. ట్రక్కు బ్రేకు త్రొక్కినపుడు ట్రైలరు చక్రములు ఎంత గట్టిగా పట్టవలెనో దానియందు సరిచూచుకొనవలెను. మా బండిలో ఆ పెట్టె మొదటినుండియు నున్నది గాని సరిచూచినవారు లేరు. ఆ పెట్టెకు చేతితో నొక్కు మీట కూడ గలదు. ట్రైలరు ఊగునపుడు ట్రక్కు బ్రేకును గట్టిగా త్రొక్కరాదు, వేగమును హెచ్చింపరాదు. స్టీరింగు తిన్నగా పట్టుకొని, ఆ మీట నొక్కి ట్రైలరు బ్రేకులను మాత్రమే వేయవలెను. తోకను పట్టి వెనుకకు లాగినట్లు ట్రైలరు సరియైన దారికి వచ్చును.

మూడవది, గొలుసులు. గుండునుండి ముక్కు ఊడినను ట్రైలరు విడిపోకుండ రెండు గొలుసులను ముక్కు క్రిందుగా అడ్డదిడ్డముగా దాటించి తగిలింతురు. ఊడిన ముక్కు నేల కూలక ఆ గొలుసుల ఊయలలో పడును. అవియు తెగినచో, సన్నని ఉక్కు త్రాడొకటి ఒక సీలను లాగివేయును. తక్షణమే ట్రైలరులోని బ్యాటరీ దాని బ్రేకులను బిగించును. ఒకటి తప్పినను ఇంకొకటి కాచును.

తక్కినవి క్లుప్తముగా చెప్పెదను. ట్రక్కునకు సవారి టైర్లు తీసి బరువు టైర్లు వేయించితిమి. బయలుదేరక పూర్వము, టైర్లు చల్లగా నున్నప్పుడే గాలి చూచుట నియమము చేసికొంటిమి. గేరుపెట్టె నూనె కాగిపోకుండ చల్లార్చు సాధనము నమర్చితిమి. ట్రైలరు తోకవరకు కనబడు పొడవు అద్దములు పెట్టించితిమి. అన్నిటికంటె చౌకయైన మార్పు వేగము తగ్గించుట. వేగము రెండింతలైనచో బండిని ఆపుటకు కావలసిన శక్తి నాలుగింతలగును. కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రైలరు లాగు బండ్లు గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 88 కిలోమీటర్లు మించరాదని చట్టమే కలదు.

ఆ సంవత్సరము సెప్టెంబరు మాసమున మరల బయలుదేరితిమి. ఈసారి పడమటి దిక్కునకు, రాకీ పర్వతములమీదుగా. డెన్వరు నగరము సముద్రమట్టమునకు 5,280 అడుగుల ఎత్తున నున్నది. అచ్చటికి సుమారు అరువది మైళ్లలో, 11,000 అడుగులకు పైన, ఐసెన్‌హోవర్ సొరంగము పర్వతమును దొలుచుకొని పోవుచున్నది. దానిని 1973లో తెరచిరి. ఎక్కునపుడు యంత్రము మూలిగినది గాని ఎక్కినది. ఎక్కలేని బండి నిలిచిపోవును, అంతే. ప్రమాదమంతయు దిగుటలో నున్నది. సొరంగము దాటగానే సిల్వర్‌థార్న్ అను ఊరివరకు మైళ్లకొలది వాలు. బ్రేకుపై కాలు మోపియే దిగువాని బ్రేకులు కాగి, పట్టు తప్పును. అట్టి లారీలకొరకు ప్రక్కన పైకెక్కు దారి నొకదానిని వేసి, దాని నిండ వదులు గులకరాళ్లు పోసియుంచినారు. బ్రేకులు పోయిన లారీ ఆ రాళ్లలోనికి దూరి కూరుకొని ఆగును.

మావాడు సొరంగమునందే వేగము తగ్గించి, క్రింది గేరు వేసికొనెను. యంత్రమే బండిని పట్టి దింపుచుండెను. నడుమ నడుమ మాత్రము బ్రేకు నొకమారు గట్టిగా త్రొక్కి, విడిచి, చల్లారనిచ్చుచుండెను. పెద్ద లారీలు మమ్ము దాటిపోయినవి. ట్రైలరు ఒకమారు మెల్లగా కదలి, తనంత తానే సర్దుకొనెను. నా మనుమరాలు ఆ గులకరాళ్ల దారిని చూచి, “తాతయ్యా, ఆ దారి ఎక్కడికి పోతుంది?” అని అడిగెను. “ఎక్కడికిని పోదమ్మా, తప్పు చేసిన బండిని ఆపుటకే ఉన్నది” అంటిని. యూటా రాష్ట్రమున ఆర్చెస్ అను జాతీయవనములోని ఎర్రరాతి తోరణములను చూచి, క్షేమముగా తిరిగి వచ్చితిమి.

అయ్యలారా, మన యూళ్లలో ఇట్టి ఇంటిబండ్లు లేవు. ట్రాక్టరు ట్రాలీలు వేలకొలది గలవు. వానికిని ఈ ధర్మమే. ట్రాలీలో బరువంతయు ముందునకు వేసినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోవును. స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. కొక్కెమును తగినదానికంటె ఎత్తున తగిలించినను అంతే. గట్టు ఎక్కునపుడు ట్రాక్టరు వెనుకకు తిరుగబడును. బరువు వెనుకకు వేసినచో ట్రాలీ తోక ఊగును. ట్రాక్టరునకు కుడియెడమల రెండు బ్రేకు పెడళ్లుండును. పొలమున మలుపు తిరుగుటకు వానిని విడివిడిగా త్రొక్కవచ్చును. రోడ్డెక్కునపుడు మాత్రము రెంటిని కలిపి గొళ్లెము వేయవలెను. వేయనిచో ఒక చక్రమే పట్టి, బండి అడ్డము తిరుగును. డీజిలు కలిసివచ్చునని చెరువుకట్ట వాలున గేరు తీసి దింపు కుర్రవాండ్రను మీరు చూచియుందురు. ఆ పొదుపు డీజిలు పొదుపు కాదు. ఏ గేరులో ఎక్కవలెనో ఆ గేరులోనే దిగవలెను. ట్రాలీకి బ్రేకులున్నవా, అవి పట్టుచున్నవా యని కొనునపుడే అడుగవలెను. కొక్కెపు సీలకు పిన్ను వేసి, గొలుసు కూడ తగిలించవలెను. రాత్రివేళ తోకన ఎర్రని మెరుపుబిళ్లలైనను ఉండవలెను. సరకులకొరకు చేసిన ట్రాలీలో పెండ్లివారిని, కూలివారిని, యాత్రికులను ఎక్కింపరాదు. చట్టము కాదన్నది నిజమే. చట్టమునకంటె ముందు ఆ ట్రాలీ నిర్మాణమే కాదనుచున్నది. మనిషి పట్టుకొనుటకు అందులో ఏమియు లేదు.

ఇవన్నియు మీకు తెలిసినవే కావచ్చును. నాకును తెలిసినవే. తెలిసియు నేను చెప్పలేదు. అదియే నేను చేసిన తప్పు. యంత్రము కొత్తది, నడుపు పిల్లవాడు చదువుకొన్నవాడు, మన మాట పాతది అని పెద్దలు వెనుకకు తగ్గుచున్నారు. యంత్రములు మారినవి గాని బరువు మారలేదు. వాలు మారలేదు. మీ కళ్లమున బస్తాలు హెచ్చుగా వేసిన ట్రాలీ కదలబోవుచున్నపుడు, ఒకమారు ముందునకు వెళ్లి, కొక్కెమువైపు చూచి, “ఒక బస్తా దించు” అని చెప్పుడు. కుర్రవాడు విసుగుకొన్నను చెప్పుడు. రెండవ తూరి తోలుకొనిపోవుటకు ఒక గంట పట్టును. అంతకంటె నష్టము లేదు.